నాఁగలిపాటను దాఁచిన సన్న్యాసి



చెన్నపట్టణమున అర్మీనియన్ వీథి యని యొకటి కలదు. ఆ పేరు వినినవారు పెక్కుమంది. ఆ జాతి నెఱిఁగినవారు కొందఱే. వర్తకమునకై వచ్చి యచ్చట నిలిచిన అర్మీనియనులు 1794లో ఆ పట్టణముననే తమ భాషలో నొక పత్రికను వెలువరించిరి. ఆ భాషలో ప్రపంచమున వెలువడిన మొదటి పత్రిక యదియే. స్వదేశము పరుల యేలుబడిలో నుండఁగా వారి యక్షరములకుఁ బరదేశమునఁ జోటు దొరకినది.

ఆ జాతివాఁడే కొమితాస్ అను క్రైస్తవ సన్న్యాసి. 1869లో తురుష్క సామ్రాజ్యమునఁ గుతాహియా యను నూర జనించెను. అచ్చటి అర్మీనియనులు ఇంటఁగూడఁ దురుష్కభాషయే మాటాడుచుండిరి. తల్లిదండ్రులు పోయిన యా బాలుఁడు 1881లో ఎచ్మియాజిన్ మఠమునకుఁ జేరినప్పుడు స్వజాతిభాష యెఱుఁగఁడు. మఠాధిపతికి బదులు చెప్పలేక, అర్థము తెలియకయే నేర్చిన స్తోత్రమును బాడెనఁట. ఆ కంఠమే వాని నచ్చట నిలిపినది.

పిదప బెర్లినులో సంగీతశాస్త్రము చదివి వచ్చి యతఁడు చేసిన పని మీవంటి కృషీవలులు మెచ్చఁదగినది. ఊరూరు దిరిగి పల్లెపాటలను వేలకొలఁదిగా స్వరములతో వ్రాసికొనెను. లోరీ సీమలోని వర్దబ్లూర్ గ్రామపు నాఁగలిపాటను వ్రాయుచు, ఎద్దుల నదలించు కేకలను సైతము విడువలేదు. పల్లెపాట పనిలోనే పుట్టునని యతఁ డెఱుఁగును. నేనో, బడిపంతులనై, నాట్లపాట పాడిన పిల్లలను మోటకూఁత లని గద్దించితిని. ఆ తప్పు నాది.

1915 ఏప్రిల్ 24వ తేదీ రాత్రి కాన్‌స్టాంటినోపిలులో అర్మీనియను కవులను, పండితులను, పత్రికాధిపతులను ప్రభుత్వము చెఱపట్టినది. పెక్కుమంది మరల రాలేదు. కొమితాసు కొలఁదికాలమునకు విడుదలయై వచ్చెను గాని మనస్సు చెదరినది. వ్రాఁతపత్రములు పెక్కులు చెల్లాచెదరయ్యెను. ఆ కాలముననే లక్షలకొలఁది అర్మీనియనులు కత్తికిని, ఎడారిదారులలో నాఁకటికిని బలియైరి. అతఁడు పారిసు దాపునఁ జికిత్సాలయమున నేండ్లు గడపి 1935లో మరణించెను.

ఆక్న్ అను నూరి పాటల నతఁడు 1895లోనే కూర్చి యుంచెను. ఇరువదియేండ్లకు ఆ యూరి అర్మీనియనులును వెడలఁగొట్టఁబడిరి. ఆ తల్లుల జోలపాట మాత్రము కాగితము మీఁద నిలిచినది. ఊరు చూడని మనుమరాండ్రు పరదేశములలో దానిని జూచి పాడుచున్నారు.

మా గ్రామమున నాట్లపాట లన్నియు నెఱిఁగిన ముదుసలి యొకతె కలదని వింటిని. ఈ వారము కాగితము, కలము తీసికొని యామె గుమ్మమునకుఁ బోవుచున్నాను.