ప్రజల కోరికపై

నాటక సమాజాల కరపత్రాల్లో వాడి వాడి అరిగిపోయిన మాట ఒకటుంది: "ప్రజల కోరికపై మరల ప్రదర్శన". ఆ ప్రజలెవరు, ఆ కోరికను ఎక్కడ వెల్లడించారు, దాన్ని విన్నదెవరు అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. 2020 మార్చి 27న కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి సరిగ్గా యీ మాటే వాడి, రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' ధారావాహిక మర్నాటి నుంచి దూరదర్శన్‌లో మళ్ళీ వస్తుందని ప్రకటించారు. దానికి రెండు రోజుల ముందు, ఉగాదినాడు, తెలుగువాళ్ళు పన్నెండేళ్ళుగా అడుగుతూ వచ్చిన 'అమృతం' రెండవసారి వచ్చింది. ఒకే వారంలో రెండు పునరాగమనాలు. ఆ వారమే దేశానికి తాళం పడింది.

మన విమర్శకులు టెలివిజన్ నాటకాన్ని ఇంతవరకూ మత్తుమందుగానే లెక్కకట్టారు. ప్రేక్షకుడు దాని కోసం ఎదురుచూడటాన్ని ఆ మత్తుకు అలవాటుపడటంగా వివరించి వూరుకున్నారు. ఈ లెక్కలో సగమే నిజం వుందని నాకు తోస్తున్నది. మిగతా సగం తెలియాలంటే కరపత్రంలోని ఆ మాట చరిత్రను కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి.

రంగస్థలం మీద ప్రజల కోరిక కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. మా తర్లుపాడుకు దక్షిణాన కడప జిల్లాలో సురభి గ్రామం వుంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' ఆడటంతో సురభి సమాజం మొదలయింది. అప్పటినుంచి ఊరూరా డేరాలు వేసుకుని తిరిగిన సమాజాలవారికి, నాటకం మళ్ళీ ఆడాలా, మూటాముల్లె సర్దుకుని పై ఊరికి పోవాలా అన్నది ఆ రాత్రి జనాన్ని చూస్తేనే తెలిసిపోయేది. పద్యనాటకంలో యీ సంబంధం ఇంకా సూటిగా వుండేది. రాగం నచ్చితే "వన్స్‌మోర్" అని కేక పడేది. చచ్చి పడివున్న పాత్ర సైతం లేచి పద్యం అందుకున్న ముచ్చట్లు మన పెద్దలు ఎన్నో చెబుతారు. వాస్తవికతావాదులు దీన్ని ఈసడించుకున్నారు. రసభంగమన్నారు. కావచ్చు. కాని నటుణ్ణి వెనక్కి పిలవగల అధికారం ఆ కేకలో వుందని మనం గమనించాలి.

ఆ కేక అందరిదీ అని మురిసిపోవడానికి కూడా వీల్లేదు. ముందు వరుస కుర్చీల్లో ఊరి పెద్దలు కూర్చునేవారు. చదివింపు చదివించినవాడి పేరు మైకులో వినిపించి, అతడు కోరిన పద్యం మళ్ళీ వచ్చేది. వెనుక గోనెపట్టా పరుచుకుని కూర్చున్న కూలివాడి కేక వేదిక దాకా చేరేదో లేదో! అంటే 'ప్రజల కోరిక'కు ఆనాడే ఒక ధర వుండేది.

ఆ ధరను కొట్టివేసింది ప్రజానాట్యమండలి. 1943 తర్వాత ఆంధ్రదేశంలో నాటకాన్ని కుర్చీల వరుస నుంచి తప్పించి వెనుక వరుస వైపు తిప్పిన ఘనత దానిదే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో రాసిన 'మా భూమి'ని ఒక్క సమాజం కాదు, అనేక దళాలు ఆడాయి. తెలంగాణలో రైతు భూమి కోసం పోరాడుతున్నప్పుడే ఆ పోరాటం వేదిక మీద నడిచింది. కొద్దికాలంలోనే ఆనాటి మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. ఆ నాటకం మళ్ళీ రావాలని కోరుకున్నవాళ్ళు నిజానికి కోరుకున్నది నాటకం ఒక్కటే కాదని వేరే చెప్పనక్కరలేదు. 1979లో గౌతమ్ ఘోష్ చలనచిత్రానికి అదే పేరు పెట్టారు. దాని కథకు ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల. అయినా తెలుగు ప్రేక్షకుడి మనసులో తిరిగి వచ్చింది 'మా భూమి' అనే ఆ పాత పిలుపే.

టెలివిజన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. 1975 ఆగస్టు నుంచి ఒక్క సంవత్సరం పాటు ఉపగ్రహ సహాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రభుత్వం ప్రయోగాత్మకంగా కార్యక్రమాలు పంపింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా వుంది. ఏ ఊరు చూడాలో, ఏం చూడాలో, ఎప్పుడు ఆపాలో పైవాళ్ళు నిర్ణయించారు. సంవత్సరం తిరగగానే ఉపగ్రహం పక్కకు జరిగింది, చూపించడం ఆగిపోయింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయింది. తెర ముందు "వన్స్‌మోర్" అని అరిచినా వినేవాడు లేని రంగస్థలం ఇది.

కాని ఒకసారి విన్నారు. వినేటట్లు చేశారు. ఈ ఉదంతాన్ని మనవాళ్ళు తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

'రామాయణ్' 1987 జనవరి 25న ప్రారంభమయింది. 52 భాగాలని అనుకున్నది 78 దాకా సాగి, 1988 జులై 31న పట్టాభిషేకంతో ముగిసింది. హిందీ అర్థంకాని మన ఊళ్ళలో కూడా ఆదివారం పొద్దున టెలివిజన్ పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి దండ వేసినవాళ్ళున్నారు. ఇదంతా అందరికీ తెలిసిందే. ఆ వేసవిలో పంజాబులోని జలంధరులో పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారన్న సంగతి చాలామందికి తెలియదు. వారి కోరిక జీతం గురించి కాదు. కథ పట్టాభిషేకంతో ఆగరాదు, ఉత్తరకాండ కూడా రావాలి అన్నారు. ఎందుకు? ఉత్తరకాండలో వాల్మీకి కేవలం కవి కాదు, పాత్ర. నిండుచూలాలైన సీతకు ఆశ్రయమిచ్చినవాడు, కుశలవులకు విద్య చెప్పినవాడు. ఆ కార్మికులు తమను వాల్మీకి సంతతిగా చెప్పుకునేవాళ్ళు. దేశమంతా కళ్ళప్పగించి చూస్తున్న కథలో తమ మనిషి తెరమీదికి వచ్చే ఘట్టం ముందే కథకు మంగళం పాడుతున్నారన్నది వారి అభ్యంతరం. చీపుర్లు కిందపెట్టారు. వీధుల్లో చెత్త గుట్టలు పడింది. సమ్మె ఉత్తర భారతంలో మరికొన్ని పట్టణాలకు పాకింది. చివరకు ప్రభుత్వం ఒప్పుకుంది. 1988 అక్టోబరులో ఉత్తర రామాయణం ప్రారంభమయింది.

ప్రజల కోరికపై మరల ప్రదర్శన అంటే ఇదీ.

దీన్ని విజయమని చాటింపు వేయడానికి నాకు నోరు రాదు. ఆ ధారావాహికే ఆ తరువాతి సంవత్సరాల మతరాజకీయాలకు ఎంత దోహదం చేసిందో పరిశోధకులు వివరంగా రాశారు. సీత వేషం కట్టిన దీపికా చిఖలియా, రావణ వేషం కట్టిన అరవింద్ త్రివేది 1991లో భారతీయ జనతా పార్టీ తరపున లోక్‌సభకు ఎన్నికయ్యారు. రాముడుగా నటించిన అరుణ్ గోవిల్ 2024లో అదే పార్టీ తరపున ఎన్నికయ్యారు. కార్మికులు వాల్మీకి కోసం సమ్మె చేశారు. లాభం వాల్మీకి పేరు చెప్పుకోని చోటికి చేరింది. అయినా ఆ సమ్మెలో వున్నది భక్తి మాత్రమే అనేవారితో నేను ఏకీభవించను. దేశం ఊడ్చేవాడు తనకు కథలో చోటేదని అడిగాడు. ఆ ప్రశ్నను మనం అడగవలసిన సమయంలో టెలివిజన్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాము. ఆ 1988 జనవరిలోనే అభ్యుదయ రచయితల సంఘానికి అఖిల భారత ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన భీష్మ సహానీ నవల 'తమస్' దూరదర్శన్‌లో వచ్చింది. దాన్ని ఆపించడానికి కొందరు కోర్టులకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చూసి, ఆపనక్కరలేదన్నారు. సుప్రీంకోర్టు కూడా ఆ పిటిషన్ను కొట్టివేసింది. ఆ తెరమీద మన చోటు మనకు వుండేదని దీనివల్ల తెలుస్తుంది. దాన్ని నిలబెట్టుకోలేకపోవడం వేరే కథ.

ఇక 'అమృతం'. 2001 నవంబరు 18న జెమిని టెలివిజన్లో మొదలై, వారానికొక్కటి చొప్పున సరిగ్గా ఆరేళ్ళు నడిచి, 2007 నవంబరు 18న ఆగింది. గుణ్ణం గంగరాజు సృష్టి. ఆ ఆరేళ్ళలో నేను పిల్లవాణ్ణి. ఆదివారం రాత్రి కరెంటు వుంటే చాలు, వీధిలో ఒకరింట్లో పదిహేనుమందిమి చేరేవాళ్ళం. ఇంటివాళ్ళు మంచం మీద, మేము నేల మీద.

కథలో గొప్ప సంఘటనలు లేవు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు 'అమృత విలాస్' అనే చిన్న హోటలు నడుపుతారు. నడపదు. ప్రతి వారం ఒక కొత్త ఉపాయం పన్నుతారు, వారం తిరగకముందే అది బెడిసికొడుతుంది. అద్దెకిచ్చిన అప్పాజీ నెత్తిమీద కూర్చుంటాడు. ఎదుటి హోటలు బాగా నడుస్తుంది. వడ్డించే సర్వం తన ధోరణిలో తానుంటాడు. ఇంట్లో సంజీవిని, శాంత నిజం చెబితే వినేవాడు లేడు.

ఈ హాస్యం ఎందుకంత హత్తుకుంది? ఆ సంవత్సరాలను గుర్తుచేసుకోవాలి. రాష్ట్రంలో కరువు. హైదరాబాదులో అద్దాల మేడలు. ప్రతివాడూ ఒక వ్యాపారం పెట్టి పైకి రావచ్చునని పత్రికలు, నాయకులు ఊదరగొడుతున్న రోజులవి. సరిగ్గా అప్పుడు, ఆరేళ్ళ పాటు ప్రతి ఆదివారం, ఇద్దరు చిన్న వ్యాపారులు ఓడిపోయి చూపించారు. ఓడిపోయి సోమవారం మళ్ళీ హోటలు తెరిచారు. మా మార్కాపురం ప్రాంతంలో పలకల పరిశ్రమ దెబ్బతినటం చూసినవాళ్ళకు, బోరు మీద బోరు వేసి ఎండిపోయినవాళ్ళకు, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం తరం గడిచేదాకా చూసినవాళ్ళకు ఆ నవ్వు పరాయిది కాలేదు. ఇది చిన్న ఆస్తిపరుడి కథే గాని శ్రామికుడి కథ కాదని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. ఆక్షేపణ న్యాయమైనదే. యజమానుల సంసారాలు తెలిసినంతగా సర్వం సంసారం మనకు తెలియదు. కాని నేల మీద కూర్చున్నవాళ్ళం మా చూపు ఎక్కువగా సర్వం మీదనే నిలిపామని నాకు బాగా గుర్తు.

ఆగిన తరువాత ఎదురుచూపు మొదలయింది. 2014లో అవే పాత్రలతో 'చందమామలో అమృతం' అని చలనచిత్రం వచ్చిపోయింది, ఆకలి తీరలేదు. పాత భాగాలు యూట్యూబులోకి వచ్చాయి. అప్పటికి చదువులకు, ఉద్యోగాలకు చెదరిపోయినవాళ్ళు వాటిని మళ్ళీ మళ్ళీ చూస్తూ, కొత్తవి ఎప్పుడని అడిగేవారు. 2018 ఫిబ్రవరిలో ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావు మరణించినప్పుడు, ఇక రాదులే అనుకున్నారు. వచ్చింది. ఆ పాత్రలో ఎల్.బి. శ్రీరామ్, అమృతరావుగా హర్షవర్ధన్, పేరు 'అమృతం ద్వితీయం'. కాని జెమినిలో కాదు. జీ5 అనే ఫోను వేదికలో. చందా కట్టినవారికి.

పన్నెండేళ్ళు అడిగింది ఎవరు, తలుపు తెరిచింది ఎవరికి? పాత నాటకంలో ముందు వరుస కుర్చీ ధర చెల్లించలేనివాడు కనీసం వెనుక గోనెపట్టా మీద కూర్చునేవాడు. ఇక్కడ వెనుక వరుసే లేదు. నిర్మాతలను దుయ్యబట్టడం నా ఉద్దేశం కాదు, నటులకు కూలి రావాలి. అడిగిన జనమూ కొనగల జనమూ ఒకటేనన్నట్లు మాట్లాడటం దగ్గరే నాకు పేచీ.

దూరదర్శన్ మాత్రం చందా అడగలేదు. మార్చి 28 నుంచి పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి 'రామాయణ్' వచ్చింది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్లమంది చూశారని ఆ సంస్థ ప్రకటించింది. ఏప్రిల్ 19 నుంచి, 1988లో సమ్మె చేసి తెప్పించుకున్న ఉత్తర రామాయణం కూడా వేశారు. ఈసారి ఎవరూ చీపురు కిందపెట్టలేదు. పెట్టనిచ్చే పరిస్థితి లేదు, పారిశుధ్య కార్మికులకు చప్పట్లు కొట్టి పని చేయించుకుంటున్న రోజులవి. ధారావాహిక మళ్ళీ మొదలైన ఆ మార్చి 28నే ఢిల్లీ ఆనంద్ విహార్ బస్సు నిలయం దగ్గర ఊళ్ళకు పోదామని వేలాది వలస కూలీలు చేరారు. బస్సు కావాలన్నది వాళ్ళ కోరిక. ప్రజల కోరికపై వచ్చింది బస్సు కాదు.

మా దగ్గరా అదే. హైదరాబాదులో కట్టడాల పనికి పోయిన మా వీధి కుటుంబం ఒకటి బయలుదేరి, పొందుగల దగ్గర రెండు రాష్ట్రాల సరిహద్దులో ఆగిపోయింది. వంతెన అవతల రాత్రంతా కూర్చున్నారు. తరువాత ఇంటికి చేరాక ఆయన చెప్పాడు: పిల్లలు ఏడుస్తుంటే ఫోను సంచికి ఆనించి పాత అమృతం పెట్టాడట. చుట్టూ ముప్పై నలభైమంది చేరారట. ఎవరో ఒకడు, అయిపోయిన ముక్కను మళ్ళీ వెయ్యమన్నాడట. వేశాడట. చార్జింగు అయిపోయేదాకా.

బస్సులు తిరగటం మొదలయ్యాక మళ్ళీ పనికి పోతూ, మార్కాపురంలో కనిపించి అడిగాడు: "కొత్తది జెమినిలో ఎప్పుడేస్తారంట సారూ?" జెమినిలో రాదనీ, చందా కట్టాలనీ చెప్పాను. ఎంతన్నాడు. చెప్పాను.

"అట్టయితే పాతదే సాల్లే సారూ" అని సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.