భిలాయ్ కుళాయి నీటి వెనుక విద్యుత్తు ఎంత? కర్బనం ఎంత?

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న భిలాయ్ ఉక్కుతోనే కాక నీటితోనూ నిలిచిన పట్టణం. 1955లో నాటి సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ ఉక్కు కర్మాగారం నిర్మాణం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉపాధి వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడి సెక్టార్లలో తరాలుగా స్థిరపడ్డాయి. కొలిమి చల్లబడటానికైనా, ఇంటి కుండ నిండటానికైనా నీరు కావాలి. ఆ నీటిని శుద్ధి చేసి, ఎత్తుకు తోడి, ఇంటింటికీ చేర్చడానికి విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తోంది గనుక, ప్రతి బిందె నీటి వెనుకా కొంత బొగ్గుపులుసు వాయువు ఉంటుంది.

నీరు వచ్చే దారి

భిలాయ్ నీటికి మూలాధారం బాలోద్ సమీపంలోని తాందులా జలాశయం. బ్రిటిష్ పాలనలో నిర్మించిన ఈ ఆనకట్ట 1921లో పూర్తయింది. గోంద్లీ, ఖర్‌ఖరా జలాశయాలు, మహానదిపై గంగ్రేల్ వద్ద నిర్మించిన రవిశంకర్ సాగర్ దానికి తోడుగా నిలుస్తున్నాయి. ఈ నీరు కాలువల ద్వారా భిలాయ్ చేరి మరోదా జలాశయాల్లో నిలుస్తుంది. కర్మాగారానికీ, టౌన్‌షిప్‌కూ అక్కడి నుంచే సరఫరా జరుగుతుంది. టౌన్‌షిప్ వెలుపలి కాలనీలకు నీరందించే బాధ్యత నగరపాలక సంస్థది. అందుకు మహానది ఉపనది అయిన శివనాథ్ ఆధారం.

ఈ రెండు దారుల మధ్య శక్తిపరంగా ముఖ్యమైన తేడా ఉంది. కాలువలో నీరు పల్లానికి తనంత తాను పారుతుంది. ఆ ప్రయాణానికి మోటారు అక్కరలేదు. నది మట్టం నుంచి తోడే నీటికి మాత్రం తొలి అడుగు నుంచే విద్యుత్తు ఖర్చవుతుంది. టౌన్‌షిప్‌లో కూడా శుద్ధి కేంద్రం నుంచి ఎత్తైన ట్యాంకులకు నీటిని ఎక్కించే దశ నుంచి ఖర్చు తప్పదు.

హైదరాబాద్ అనుభవం ఈ తేడాను మరింత స్పష్టం చేస్తుంది. మూసీ, ఈసీ నదులపై కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నీరు ప్రధానంగా వాలు ఆధారంగానే నగరానికి చేరేది. జనాభా పెరిగాక కృష్ణా జలాలను సుమారు 116 కిలోమీటర్ల దూరం నుంచి, గోదావరి జలాలను ఎల్లంపల్లి వద్ద నుంచి సుమారు 186 కిలోమీటర్ల దూరం తోడి తెచ్చుకోవలసి వచ్చింది. నీటి వనరు దూరమైన కొద్దీ, దిగువకు పోయిన కొద్దీ విద్యుత్ బిల్లు పెరుగుతుంది.

లెక్క ఎలా కడతారు?

వెయ్యి లీటర్ల నీరు ఒక కిలోలీటరు. దాని బరువు ఒక టన్ను. ఒక యూనిట్ విద్యుత్తు ఏమాత్రం వృథా కాకపోతే ఈ టన్ను నీటిని 367 మీటర్ల ఎత్తుకు లేపగలదు. వాస్తవంలో మోటారు, పంపు కలిసి అందులో కొంత భాగాన్నే పనిగా మారుస్తాయి. రెండూ కలిపి సామర్థ్యం 65 శాతం అనుకుంటే, గొట్టాల్లోని ఘర్షణతో కలిపి 60 మీటర్ల ఎత్తుకు ఒక కిలోలీటరును చేర్చడానికి పావు యూనిట్ పడుతుంది. అరిగిపోయిన పంపు సామర్థ్యం 45 శాతానికి పడిపోతే అదే పనికి 0.36 యూనిట్ కావాలి. పంపు ఆగిపోలేదు గనుక లోపం పైకి కనిపించదు. బిల్లు మాత్రం దాదాపు 44 శాతం పెరుగుతుంది.

భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రమాణం ప్రకారం తలకు రోజుకు 135 లీటర్ల నీరు అందాలి. లక్ష జనాభా ఉన్న పట్టణానికి ఇది రోజుకు 13,500 కిలోలీటర్లు. పైన చెప్పిన పావు యూనిట్ లెక్కన ఏడాదికి సుమారు 12.4 లక్షల యూనిట్లు ఖర్చవుతాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణాంకాల ప్రకారం 2023-24లో దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తుకు సగటున సుమారు 0.73 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడింది. అంటే ఈ ఊహా పట్టణం నీటి సరఫరాకు ఏటా సుమారు 900 టన్నుల ఉద్గారం. గ్రిడ్‌లో జల, సౌర, పవన, అణు విద్యుత్తు కలిసి ఉండటం వల్లనే సగటు ఈ స్థాయిలో ఉంది. కేవలం బొగ్గు విద్యుత్తు మీద ఆధారపడితే ఈ భారం 1,200 టన్నులకు చేరుతుంది. కోర్బా బొగ్గు గనులకు నెలవైన ఛత్తీస్‌గఢ్‌లో ఈ రెండో లెక్కను విస్మరించలేము.

కారిపోయే నీరు, కారిపోయే విద్యుత్తు

శుద్ధి చేసి, ఒత్తిడితో పంపిన నీరు దారిలో కారిపోతే నష్టం నీటితో ఆగదు. దానిని తోడిన విద్యుత్తు, దానిలో కలిపిన పటిక, క్లోరిన్ కూడా మట్టిపాలవుతాయి. వంద లీటర్లలో 30 లీటర్లు ఇలా పోతే, అదే 13,500 కిలోలీటర్లు ఇళ్లకు చేరాలంటే రోజుకు సుమారు 19,300 కిలోలీటర్లు తోడాలి. ఏడాదికి అదనంగా 5.3 లక్షల యూనిట్లు, సుమారు 390 టన్నుల ఉద్గారం ఎవరి దాహమూ తీర్చకుండానే లెక్కకెక్కుతాయి. 2021 అక్టోబరులో మొదలైన అమృత్ రెండో దశ పథకం, ఆదాయం రాని నీటిని 20 శాతం లోపుకు తేవాలని లక్ష్యం పెట్టుకున్నది. గొట్టాల మరమ్మతు నీటి శాఖ పని మాత్రమే కాదు, ఇంధన పొదుపు కూడా.

జలాశయం మీద సౌర ఫలకాలు

మరోదా-1 జలాశయం మీద 15 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం ఏర్పాటుకు భిలాయ్ ఉక్కు కర్మాగారం పూనుకున్నది. సెయిల్, ఎన్‌టీపీసీ ఉమ్మడి సంస్థ ఎన్‌ఎస్‌పీసీఎల్ ద్వారా చేపట్టిన ఈ ప్రాజెక్టు నుంచి ఏటా సుమారు 3.4 కోట్ల యూనిట్ల విద్యుత్తు వస్తుందని, 28 వేల టన్నులకు పైగా ఉద్గారం తగ్గుతుందని అంచనా వేశారు. పైన చెప్పిన లక్ష జనాభా పట్టణపు నీటి సరఫరా అవసరానికి ఇది సుమారు 27 రెట్లు. కర్మాగారపు మొత్తం అవసరం ముందు మాత్రం ఇది స్వల్పమే.

విశాఖపట్నం ఈ దారిలో ముందే నడిచింది. నగర తాగునీటి వనరుల్లో ఒకటైన ముడసర్లోవ జలాశయంపై 2018లో 2 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ప్రారంభమైంది. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల కేంద్రం 2022 నుంచి పూర్తి స్థాయిలో పనిచేస్తోంది. ఫలకాల నీడ వల్ల ఆ మేర నీటి ఆవిరి తగ్గుతుంది. భూసేకరణ అవసరం ఉండదు. అయితే సూర్యుడు పగలే ఉంటాడు. ఎత్తైన ట్యాంకులను మధ్యాహ్నం వేళ నింపుకోగలిగితే, ఖరీదైన బ్యాటరీలు లేకుండానే సౌర విద్యుత్తు నీటి రూపంలో నిల్వ ఉంటుంది.

ఇంటి గడప లోపల

ఐదుగురున్న కుటుంబానికి నెలకు సుమారు 20 కిలోలీటర్ల నీరు చేరుతుంది. పై లెక్కన దానికి పట్టే విద్యుత్తు 5 యూనిట్లు. ఆ నీటిని నేల సంపు నుంచి 10 మీటర్ల ఎత్తున మేడ మీదికి ఎక్కించే చిన్న మోటారు సామర్థ్యం 25 శాతమే అయితే కిలోలీటరుకు 0.11 యూనిట్ తీసుకుంటుంది. అంటే ఆరో వంతు ఎత్తుకే దాదాపు సగం విద్యుత్తు. సరఫరా ఒత్తిడి చాలక ప్రతి ఇంటా మోటారు పెట్టుకుంటే ఊరి మొత్తం మీద భారం తగ్గదు, పెరుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు వేడి నీళ్లది. ఇరవై లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీల మేర వేడి చేయడానికి సుమారు 0.47 యూనిట్ కావాలి. పదకొండు బకెట్ల వేడి నీళ్లకు అయ్యే విద్యుత్తు, ఆ కుటుంబానికి నెలంతా నీరు తోడే విద్యుత్తును మించుతుంది. భిలాయ్ చలికాలంలో ఇంటి కప్పు మీది సౌర హీటరు విలువ ఈ ఒక్క అంకెలోనే తెలుస్తుంది.

చేయవలసినవి

నీటి, ఇంధన ఆడిట్లు అమృత్ సంస్కరణల్లో భాగం. ప్రతి పంపింగ్ కేంద్రంలో తోడిన నీరు, వాడిన యూనిట్లు పక్కపక్కన నమోదైతే కిలోలీటరుకు ఎంత ఖర్చయిందో వెంటనే తెలుస్తుంది. ఆ అంకె నెలనెలా పెరుగుతోందంటే పంపు అరిగిందనో, గొట్టం పూడిందనో అర్థం. నీటి అవసరం తగ్గిన వేళ వాల్వు బిగించి ఒత్తిడి అణచడం కంటే మోటారు వేగాన్ని తగ్గించడం మేలు. ఘర్షణే ప్రధాన భారమైన చోట వేగం 20 శాతం తగ్గితే విద్యుత్ వినియోగం దాదాపు సగానికి దిగుతుంది. వాడిన నీటిని శుద్ధి చేసి పరిశ్రమకు, తోటలకు మళ్లిస్తే దూరపు జలాశయంపై ఒత్తిడి తగ్గుతుంది.

వేసవిలో తాందులా నీరు పొలానికీ, కర్మాగారానికీ, కుళాయికీ చాలాలి. అప్పుడు పొదుపు చేసిన ప్రతి కిలోలీటరూ ఒక రైతు మడికి మిగిలే నీరు, పొయ్యిలో కాలకుండా మిగిలే బొగ్గు.