పాతకు పట్టం కట్టే వేళ

ఇబ్రహీంపట్నానికి, అక్కడి పెద్దచెరువుకు తన పేరు మిగిల్చి వెళ్లిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో గోల్కొండ గద్దెనెక్కాడు. అంతకుముందు ఏడేళ్లపాటు, అన్న జంషీద్‌కు వెరచి, విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఈ సుల్తానుకు తెలుగు మీద మక్కువ కలగడంలో ఆ ఏడేళ్ల పాత్ర ఎంతో ఉందని చరిత్రకారులు అంటారు. అదే 1550లో, అదే రామరాయల ప్రాపకంలో, రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ ముగించాడు. అందులో వీణల కోసం ఒక ప్రకరణమే ఉంది. శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని మూడు రకాలు చెప్పి, తంత్రులకు శ్రుతి చేసే పద్ధతిలో వాటి తేడాలు వివరించాడు. మూడోదానికి పెట్టింది ఎనిమిదేళ్ల కిందటే కన్నుమూసిన అచ్యుతదేవరాయల పేరు. ఇబ్రహీం ఆ వీణ విన్నాడో లేదో మనకు అక్కర్లేదు. వాద్యానికి ఒక పెద్దమనిషి పేరు పెట్టి గౌరవించే ఆచారం దక్కనులో అప్పటికే ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. అయితే ఆ పేరు ఒక శ్రుతి అమరికను వేరుచేసి చూపడానికి పెట్టింది. నేడు అమెరికన్ గిటార్ కంపెనీలు ‘లిమిటెడ్ ఎడిషన్’ అంటూ ఒక ఏడాదిని పేర్కొని, ఇన్ని మాత్రమే చేస్తామని చెప్పి విడుదల చేసే ఎలక్ట్రిక్ గిటార్లలో పేరు చేసే పని పూర్తిగా వేరు. పాత నమూనాను వెంట్రుకవాసి కూడా మార్చలేదని అది హామీ ఇస్తుంది. గౌరవం కొత్తదనం నుంచి పాతదనానికి ఎప్పుడు మళ్లింది? నేను చూసినంతలో ఒక నమూనాకు ‘క్లాసిక్’ అన్న పట్టం కట్టేది దాని వైభవకాలంలో కాదు, దాన్ని చేసే వృత్తి ఒడుదుడుకుల్లో పడ్డాక. అమెరికన్ గిటార్ల చరిత్ర, మన బొబ్బిలి వీణ చరిత్ర ఈ విషయంలో ఒకే సాక్ష్యం చెబుతాయి.

గిటార్ సంగతి ముందు చూద్దాం. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. గిటార్ వాయించడం ఆయనకు రాదు. 1950లో ఆయన తెచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ ఒక బోలు డొల్ల కూడా లేని గట్టి చెక్క పలక. తంత్రుల కింద అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగితీగ చుట్టి పెడితే, ఉక్కుతంత్రి కదిలినప్పుడల్లా ఆ తీగలో విద్యుత్తు పుడుతుంది. ఈ అమరికనే పికప్ అంటారు. ఆ విద్యుత్తును యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. మెడను జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. మెట్లు అరిగితే పాత మెడ విప్పి కొత్తది బిగించుకోవచ్చు. రిపేరు షాపువాడి బుర్రలోంచి పుట్టిన ఉపాయమది, అందం కోసం చేసింది కాదు. దానికి ‘బ్రాడ్‌కాస్టర్’ అని పేరు పెడితే, ఆ పేరుకు దగ్గరి పేరుతో డ్రమ్ములు అమ్ముతున్న గ్రెట్ష్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. 1951లో కొన్ని నెలలు, కొత్త పేరు తేలేదాకా, ఫ్యాక్టరీలో పాత లేబుల్‌లోంచి ‘బ్రాడ్‌కాస్టర్’ అన్న ముక్క కత్తిరించేసి, ‘ఫెండర్’ అన్న మాట మాత్రం అంటించి అమ్మారు. ఆ తర్వాత ‘టెలికాస్టర్’ ఖాయమైంది. పేరు లేని ఆ గిటార్లకు సేకర్తలు తర్వాత ‘నోకాస్టర్’ అని పేరు పెట్టారు. 1995లో ఫెండర్ కస్టమ్ షాప్ ఆ పేరు లేని నమూనానే మళ్లీ చేసి అమ్మకానికి పెట్టింది. అది కూడా కొత్త గిటార్‌కు ఉద్దేశపూర్వకంగా గీతలు పెట్టి, వార్నిష్ అరగదీసి, ఇనుప భాగాలకు తుప్పు రంగు తెచ్చి! కత్తెరతో లేబుల్ కోసిన పనివాడికి తాను ఒక క్లాసిక్‌ను సృష్టిస్తున్నానన్న ఊహ ఉండి ఉంటుందా?

గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆ గిటార్ 1952లో వచ్చింది. 1958 నుంచి 1960 దాకా చెర్రీ ఎరుపు అంచుల నుంచి మధ్యలో పసుపుకు తిరిగే సన్‌బర్స్ట్ రంగులో చేశారు. అమ్మకాలు పడిపోయాయి. 1961లో ఆ ఆకారాన్నే మానేసి, పలచగా, రెండు కొమ్ములతో మరో ఆకారం తెచ్చారు. నేడు ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్లలో ముందు వరుసలో నిలిచేవి ఆ అమ్ముడుపోని మూడేళ్ల సరుకే. 1966లో జాన్ మేయాల్ బృందంతో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అలాంటి లెస్ పాల్ వాయించిన రికార్డు వచ్చాక ఇంగ్లండ్ కుర్రకారు ఆ పాత లెస్ పాల్‌ల కోసం వెతుకులాట మొదలుపెట్టారు. 1968లో గిబ్సన్ మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఫెండర్‌ను 1965లో సీబీఎస్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకు కొంది. పనితనం తగ్గిందన్న ఫిర్యాదులు వచ్చేకొద్దీ ‘సీబీఎస్‌కు ముందుది’ అన్న మాట సేకర్తల్లో ఒక తూకంగా స్థిరపడింది. 1970ల చివరికి జపాన్ కంపెనీలు పాత ఫెండర్‌ను అసలు ఫెండర్ కంటే శ్రద్ధగా నకలు చేయసాగాయి. అప్పుడు, అంటే 1982లో, ఫెండర్ తన 1952 టెలికాస్టర్‌నూ తన మరో నమూనా స్ట్రాటోకాస్టర్ 1957, 1962 రూపాలనూ తానే మళ్లీ చేసి విడుదల చేసింది. మూడేళ్లకు కంపెనీయే చేతులు మారింది. బలహీనపడిన కంపెనీ తన వయసులో ఉన్నప్పటి ఫొటో తీసి గోడకు కట్టింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. 1990లలోనూ తర్వాతా ఫెండర్ బాగానే నిలదొక్కుకుంది. వార్షికోత్సవాల ఎడిషన్లు మాత్రం ఆగలేదు. స్ట్రాటోకాస్టర్ నలభయ్యో ఏట 1994లో, యాభయ్యో ఏట 2004లో ప్రత్యేక నమూనాలు వచ్చాయి. కష్టకాలమే కారణమైతే మంచికాలంలో అవి ఎందుకు? నా జవాబు ఇది: పట్టం ఒకసారి కట్టాక అదే ఒక సరుకు అవుతుంది. దాన్ని మంచికాలంలో అమ్మడానికి అడ్డేమీ లేదు. ఆ పట్టం మొదట ఎప్పుడు అవసరమైందన్నదే నేను అడుగుతున్న ప్రశ్న. 1958లో గిబ్సన్‌కు తన 1952 నమూనాను యథాతథంగా కాపాడుకోవాలన్న ఆలోచనే లేదు. ఆ ఆరేళ్లలో బ్రిడ్జి మార్చింది, పికప్ మార్చింది, రంగు మార్చింది. సజీవంగా ఉన్న వృత్తి తన నిన్నటి పని మీద ఇంత దయ చూపించదు.

వీణ దగ్గరకు వస్తే మరింత గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. 1565లో తళ్లికోట యుద్ధంలో రామరాయలు పోయాడు. దక్కను సుల్తానుల కూటమిలో ఇబ్రహీం కుతుబ్‌షా కూడా ఉన్నాడు. ఆశ్రయమిచ్చిన ఇంటి మీదికే దండెత్తి వెళ్లడమన్న వింత ఇక్కడుంది, కానీ ఆ కథ వేరు. విజయనగర విద్వత్సంప్రదాయానికి తంజావూరు కొత్త నెలవయింది. అక్కడి రాజు రఘునాథ నాయకుడు, మంత్రి గోవింద దీక్షితులు కలిసి 24 మెట్లున్న వీణను స్థిరపరిచారని సంప్రదాయం చెబుతుంది. అది వైభవకాలం. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు, స్వయంగా వైణికుడు. మరి ఆ వైభవంలోనే కదా వీణ నమూనా ఖాయమైంది, అని అడగవచ్చు. దీనికి జవాబు రామామాత్యుడి పుస్తకంలోనే ఉంది. ఆయన నాటికి ఏకరాగమేళం, సర్వరాగమేళం అని మెట్లు కట్టే పద్ధతులు రెండు ఉండేవి. మొదటిదానిలో రాగం మారినప్పుడల్లా మెట్లు సర్దుకోవాలి. రెండోదానిలో అన్ని రాగాలకూ సరిపోయేలా ఒక్కసారే కట్టేయవచ్చు. తంజావూరు చేసింది ఈ రెండో దారికి పెద్దపీట వేయడం. వాయించేవాడి అవసరం కోసం నమూనాను మార్చారు. అది మార్పు కోరిన నిర్ణయం. తర్వాత ఎవరూ మార్చకపోవడం వల్ల ప్రమాణంగా కనిపిస్తుంది. రఘునాథుడు పాత వీణకు స్మారకం చేయించలేదు.

అలా దక్షిణాన స్థిరపడ్డ నమూనాను ఉత్తరాంధ్రలో తరతరాలుగా చేస్తున్నవారు బొబ్బిలి పక్కన గొల్లపల్లిలోని సర్వసిద్ధి కుటుంబాలు. పనస దుంగ ఒక్కటి తీసుకుని కుండ, దండి, చివర యాళి తల అన్నీ అందులోంచే తొలుస్తారు. అతుకు లేకుండా ఒకే దుంగలో తయారైనదాన్ని ఏకాండి వీణ అంటారు. పనస చెక్క తేలిక, బాగా ఆరితే నాదాన్ని నిలుపుతుంది. తొలిచిన కుండ మీద పలక బిగించి, బిరడలు అమర్చి, నాలుగు వాయించే తంత్రులూ మూడు తాళపు తంత్రులూ కట్టాక అసలు పని మొదలవుతుంది. దాన్ని మేళం కట్టడం అంటారు. దండి మీద రెండు గట్లుగా నల్లటి మైనం పోస్తారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచిన ముద్ద అది. మైనం మెత్తగా ఉండగానే ఒక్కొక్క మెట్టూ దాని మీద పెట్టి, తంత్రి మీటి, చెవితో స్వరస్థానం చూసి, వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి అదుముతారు. 24 మెట్లు, ఒక్కోటి ఒక్కో నిర్ణయం. ఎండాకాలం మైనం మెత్తబడి మెట్టు కదిలితే, మీటి మీటి మెట్టు అరిగితే, మళ్లీ మేళం కట్టించుకోవాలి. ఫెండర్ నాలుగు మరలతో చేసిన ఏర్పాటును మైనంతో చేశారన్నమాట. వీణ ఎవరి చేతిలో ఉందో ఆ వైణికుడి చెవికీ శైలికీ తగ్గట్టు మేళం మారుతుంది. అంటే వీణ నమూనాలో అతి కీలకమైన భాగం ఎప్పుడూ ఒకేలా ఉండకుండా చూసే ఏర్పాటు నమూనాలోనే ఉంది.

ఆ వృత్తిని పోషించింది సంస్థానాలు. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చాక బొబ్బిలి, విజయనగరం, నూజివీడు సంస్థానాల పోషణ ఆగిపోయింది. కచేరీ వీణల గిరాకీ సన్నగిల్లింది. గొల్లపల్లి పనివాళ్లు చిన్న బహుమతి వీణలకు మళ్లింది అలాంటి పరిస్థితుల్లోనే. అరచేతిలో పట్టేది, గాజు పెట్టెలో పెట్టేది, సన్మాన సభల్లో అతిథులకు ఇచ్చేది. యాళి ఉంటుంది, కుండ ఉంటుంది, మెట్లు కూడా ఉంటాయి. మేళం ఉండదు. 2010 దశకం తొలినాళ్లలో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కచేరీ వీణల అమ్మకం తగ్గుముఖం పట్టిన కాలంలోనే పేరుకు చట్టబద్ధమైన ముద్ర పడిందన్నది నా వాదనకు ఇక్కడి ఆధారం. నోకాస్టర్ కన్నా బహుమతి వీణ పరిశుద్ధమైన పని, దాని వెనుక ఆకలి ఉంది, సేకర్తల హోదా లేదు. కానీ చరిత్రలో రెంటి స్థానమూ ఒకటే.

దీనికి పనివాళ్ల తరఫున ఒక మాట అడ్డు చెప్పవచ్చు, అది బరువైన మాట. బహుమతి వీణ లేకపోతే గొల్లపల్లిలో చాలా ఇళ్లలో ఉలి కూడా ఉండేది కాదు. గుర్తింపు లేకపోతే ఇంకెక్కడో చేసిన బొమ్మలను బొబ్బిలి పేరుతో అమ్మేవారు. ఇది నిజం, ఒప్పుకోవాల్సిందే. ఉలి పట్టడం తెలిసిన చేయి మిగిలింది. కానీ బహుమతి వీణకు చెవి అక్కర్లేదు. మేళం కట్టే చెవి అలవాటు కావాలంటే, మీటి చూసి ఇది ఒక పిసరు ఎక్కువైందని చెప్పే వైణికుడు ఎదురుగా కూర్చోవాలి. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు, దుంగను కూడా వివరించగలదు. ఆ వైణికుణ్ణి తెచ్చివ్వలేదు. స్మారక నమూనాలో ఏది పోతుందని అడిగితే నాకు తోచే జవాబు ఇదే: వస్తువు పోదు, వాడేవాడికీ చేసేవాడికీ మధ్య జరిగే బేరం పోతుంది.

చెక్క విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 1950ల గిబ్సన్, మార్టిన్ గిటార్ల పేరు వినగానే సేకర్తలకు గుర్తొచ్చేది బ్రెజిల్ రోజ్‌వుడ్. అది దొరకడం కష్టమై, 1960ల చివరికి అమెరికన్ కంపెనీలు మన అడవుల జిట్రేగి వైపు, అంటే భారతీయ రోజ్‌వుడ్ వైపు మళ్లాయి. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం గట్టి నిషేధం పెట్టింది. 2017లో రోజ్‌వుడ్ జాతి చెట్లన్నిటి మీదా ఆంక్షలు వచ్చాయి, 2019లో తయారైన వాద్యాలకు సడలింపు దొరికింది. కాబట్టి యాభైల గిటార్‌కు అచ్చు గుద్దినట్టు నేడు చేసిన లిమిటెడ్ ఎడిషన్‌లో మెట్ల పలక చాలా సందర్భాల్లో దక్షిణ భారతం నుంచి వెళ్లిన చెక్క. వయసు చూపించే గీతలన్నీ ఉంటాయి, చెట్టు మాత్రం వేరు. వాళ్లు దాన్ని దాచరు, కేటలాగులో రాస్తారు కూడా. కానీ ఏది పాటించాలి, ఏది వదలాలి అన్న తీర్పు అక్కడే జరిగిపోతుంది.

పాత వాద్యాల నాదమే వేరు అని వైణికులూ గిటారిస్టులూ అంటారు. దాన్ని నేను కొట్టివేయను. బాగా ఆరిన పనస చెక్క పలకడం, పాత పికప్ పలకడం ఊహలు కావు. అయితే ఆ నాదం తెచ్చింది నమూనా ఒక్కటే కాదు, దశాబ్దాల వాడకం కూడా. ఆ వాడకాన్ని ఏ ఎడిషనూ పెట్టెలో పెట్టి ఇవ్వలేదు. వీణలో ఇప్పుడు నిజంగా ప్రాణంతో కదులుతున్న భాగం ఏదంటే సంప్రదాయవాదులు ముఖం చిట్లించేదే. 20వ శతాబ్ది రెండో సగంలో ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల తరం మైకు ముందు వీణను కొత్తగా వినిపించింది. వీణకు కాంటాక్ట్ మైకు అమర్చడం, మైనం బదులు మరలతో జరుపుకునే మెట్లు, కుండ లేకుండా స్పీకరుతో పలికే ఎలక్ట్రానిక్ వీణ, విడదీసి పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కేది, ఇవన్నీ ఆ కాలంలోనూ ఆ తర్వాతా వచ్చాయి. వీటిలో వేటినీ ఎవరూ సన్మాన సభలో గాజు పెట్టెలో పెట్టి ఇవ్వరు. వాటి మెట్లను వాయించేవాళ్లు ఇంకా మరల తిప్పి సర్దుకుంటూనే ఉన్నారు. వాటికి ‘క్లాసిక్’ అన్న పేరు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది, ఆ ఆలస్యం వాటికి మంచిదే.