ఆరుద్ర చుక్క కొలత



ఆరుద్ర కార్తె యనగానే మన రైతులకు వానలు జ్ఞప్తికి వచ్చును. కార్తెకు పేరిచ్చిన చుక్కను గుర్తించి చూచినవారు మాత్రము తక్కువ. అందులకు కారణము లేకపోలేదు. జూన్ నెలలో కార్తె నడచు దినములందు ఆ చుక్క సూర్యునితో కూడ పగటివేళనే యాకాశమున నుండును. మార్గశిర పుష్యమాసములందు, చీకటిపడిన పిమ్మట తూర్పుదిక్కున, మృగశిరకు చేరువను నిప్పుకణికవలె ఎఱ్ఱగా వెలుగునదే ఆర్ద్ర. పాశ్చాత్యులు దానిని బీటిల్‌జూస్ అందురు.

ఎంత పెద్ద దూరదర్శినితో చూచినను ఆనాడు చుక్క బిందువుగనే కనబడుచుండెను. బిందువును కొలచుటెట్లు? 1868లో ఫ్రాన్సు దేశీయుడగు ఫిజో ఒక యుపాయము సూచించెను. ఒకే చుక్క వెలుగును ఎడముగా నున్న రెండు చోట్ల గ్రహించి యొకచో కలిపినయెడల వెలుగు చీకటుల చారలేర్పడును. ఆ యెడమును పెంచుకొనుచు పోగా చారలు మాసిపోవును. చుక్క వెడల్పు హెచ్చినకొలది ఆ యెడము తగ్గును.

అమెరికాలో మౌంట్ విల్సన్ కొండమీద నున్న నూరంగుళముల దూరదర్శినికి మైకెల్సన్ ఇరువదియడుగుల ఉక్కుదూలము నమర్పించి, దానిపై అద్దములు పెట్టించెను. 1920 డిసెంబరు 13వ తేది రాత్రి పీజు, ఆండర్సను అనువారు పరీక్షింపగా, అద్దముల యెడము సుమారు పదియడుగులైనపుడు చారలు మాసినవి. సూర్యుడుగాక మఱియొక నక్షత్రము వ్యాసమును కొలచుట కదియే మొదలు. అంతకంటెను నాకాశ్చర్యము గొలుపునది వేఱొకటి. ఆ సంవత్సరమే, కొలతకు ముందుగనే, ఇంగ్లండున ఎడ్డింగ్టను కేవలము లెక్కచేత దాని వెడల్పు 0.051 వికలయని చెప్పియుండెను. తేలినది 0.047 వికల. నూరు కిలోమీటర్ల దూరమున నిలిపిన రూపాయిబిళ్ళ యెంత కనబడునో అంత!

దూరము విషయమున నేటికిని భిన్నమతములున్నవి. 500 మొదలు 700 కాంతిసంవత్సరముల వఱకు చెప్పుదురు. ఏ లెక్క గొన్నను, దానిని సూర్యుని స్థానమున నిలిపినచో బుధశుక్రులు, మన భూమి, కుజుడు అందఱును దాని కడుపులో పడుదురు. ఇంత దేహమున్నను ద్రవ్యము సూర్యునికి పదునైదు ఇరువది రెట్లు మాత్రమే. కావున సగటున మనము పీల్చు గాలికంటె వేలమడుంగులు పలుచన. పైభాగపు వేడి సుమారు 3,300 డిగ్రీలు, సూర్యునిది 5,500. ఆ యెఱుపునకు కారణమిదియే.

సూర్యుని వయస్సు 460 కోట్ల యేండ్లు. దీనికి కోటి యేండ్ల ప్రాంతమే, అయినను ముసలితనము వచ్చినది. బరువైన చుక్క తన వంటచెఱకును వేగముగా కాల్చుకొనును.

2019 కడపట ఆర్ద్ర మసకబారజొచ్చెను. 2020 ఫిబ్రవరి నాటికి దాని వెలుగు మూడవవంతునకు దిగెను. నేనును పలుమార్లు చూచితిని. రోహిణికంటెను మందముగా నుండెను. దీనికి కాలము సమీపించినదని లోకమంతట వదంతి పుట్టెను. వేసవినాటికి మరల తేఱుకొనెను. అది వెడలగ్రక్కిన వాయువు చల్లబడి ధూళియై అడ్డు నిలిచినదని 2021లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

అది యొకనాడు బ్రద్దలగుట నిశ్చయము. లక్ష యేండ్లలోపల ఎప్పుడైనను కావచ్చును. అప్పుడు పట్టపగలును కానవచ్చును. అంత దూరమున నున్నది గనుక భూమికి హాని లేదు.