ఇంట్లోనే తోలు పదును చేయొచ్చా? మొదలుపెట్టే ముందు ఏ అనుమతులు కావాలి, సాయం ఎక్కడ దొరుకుతుంది?

మేక తోలు ఒకటి, కాస్త ఉప్పు, సున్నం, తంగేడు చెక్క, నాలుగు వారాల ఓపిక. యూట్యూబ్ వీడియోలు చూస్తే తోలు పదును చేయడం ఇంతే అనిపిస్తుంది. బెల్టులు, పర్సులు, నోట్‌బుక్ అట్టలు చేతితో కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవాళ్లను చూశాక, తోలు కూడా మనమే తయారు చేసుకుంటే పోదా అన్న ఆలోచన రావడం సహజం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో గొర్రెలు, మేకల పెంపకం ఎక్కువ. ముడిసరుకుకు కొరత లేదు.

కానీ చట్టం దృష్టిలో తోలు పదును చేయడం కుట్టుపని లాంటిది కాదు. నీళ్లు, కాలుష్యం, పశువుల వ్యాధులు, వన్యప్రాణుల చట్టం అన్నీ ఇందులో ఉన్నాయి. ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు, ఏ ఆఫీసుకు వెళ్లాలి అన్నది ఇక్కడ చూద్దాం.

పచ్చి తోలు వేరు, పదును చేసిన తోలు వేరు

జంతువు నుంచి తీసిన తోలు కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలవుతుంది. ఉప్పు పట్టిస్తే అది ఆగుతుంది, అంతే. వెంట్రుకలు తీసి, సాగదీసి ఎండబెడితే గట్టిపడుతుంది. డప్పుకు వాడేది, తోలుబొమ్మలకు వాడేది ఇలాంటి తోలే. ఇది తడిస్తే మెత్తబడుతుంది, మళ్లీ కుళ్లుతుంది.

పదును చేయడం అంటే తోలులోని పీచును శాశ్వతంగా మార్చడం. చెట్ల బెరడు, కాయల్లో ఉండే టానిన్‌తో చేసేది ఒక పద్ధతి. క్రోమియం లవణాలతో చేసేది రెండోది. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా క్రోమియం పద్ధతే నడుస్తోంది, ఎందుకంటే వారాల పని రోజుల్లో అయిపోతుంది.

మన ఊళ్లలో పాత పద్ధతి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో నడిచేది. తోళ్లు ఊరవేసే తొట్టిని 'లంద' అనేవారు. తరతరాలుగా ఈ పని చేసింది మాదిగ కులస్తులు. ఆ నైపుణ్యానికి వారికి దక్కింది గౌరవం కాదు, ఊరికి దూరంగా పెట్టిన వాడ. ఇవాళ దీన్ని హాబీగా నేర్చుకోవాలనుకునేవారు ఈ సంగతి తెలుసుకుని అడుగుపెట్టాలి. ఊళ్లో ఈ పని తెలిసిన పెద్దవాళ్లు ఉంటే వారి దగ్గర నేర్చుకోండి, నేర్పినందుకు తగిన డబ్బు ఇవ్వండి.

పని ఎలా సాగుతుంది?

చెట్టు చెక్కతో మేక తోలును పదును చేసే క్రమం స్థూలంగా ఇది.

1. ఉప్పు పట్టించడం: తోలు తీసిన నాలుగైదు గంటల్లోపే లోపలి వైపు ఉప్పు రుద్దాలి. తోలు బరువులో 40 శాతం దాకా ఉప్పు పడుతుంది.

2. నానబెట్టడం: ఉప్పు, రక్తం, మట్టి పోయేదాకా మంచినీళ్లు మారుస్తూ నానబెట్టాలి.

3. సున్నం: సున్నపు నీళ్లలో కొన్ని రోజులు ఉంచి, రోజూ తిరగేయాలి. వెంట్రుకలు వదులయ్యాక మొండి కత్తితో గీకి తీసేయాలి. లోపలి వైపు మాంసం, కొవ్వు కూడా తీసేయాలి.

4. సున్నం విరగ్గొట్టడం: బాగా కడిగి, పులిసిన తవుడు నీళ్లలో ఉంచితే సున్నం పోయి తోలు మెత్తబడుతుంది.

5. చెక్క నీళ్లు: మొదట పలచటి తంగేడు చెక్క నీళ్లు, తర్వాత చిక్కటివి. తొలి రోజే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొర గట్టిపడి లోపలికి రసం దిగదు. మేక తోలుకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంచున చిన్న ముక్క కోసి చూడండి. మధ్యలో తెల్ల గీత కనిపిస్తే ఇంకా పని కాలేదని అర్థం.

6. నూనె, ఆరబెట్టడం: కానుగ నూనె పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే బిరుసెక్కి పగులుతుంది.

ఒక మేక తోలు నుంచి సుమారు 4 నుంచి 5 చదరపు అడుగుల సరుకు వస్తుంది.

ఇవి మాత్రం ఇంట్లో వద్దు

- సోడియం సల్ఫైడ్: వెంట్రుకలు త్వరగా తీయడానికి ఫ్యాక్టరీల్లో వాడతారు. దీనికి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది.
- క్రోమియం లవణాలు: వాడిన నీళ్లను ఇంటి కాలువలోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ వదలకూడదు. శుద్ధి చేసే ఏర్పాటు ఇంట్లో సాధ్యం కాదు.
- సున్నం పనిలో రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలతో ఈ పని చేయించకూడదు. 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకోవడం నేరం.

ఏ తోలు తీసుకోవచ్చు?

లైసెన్సు ఉన్న మాంసం దుకాణం నుంచి మేక, గొర్రె తోళ్లు కొనడం అన్నిటికంటే చిక్కులేని దారి. నెల్లూరు జాతి వంటి బొచ్చు తక్కువ గొర్రెల తోలు, ఉన్ని గొర్రెల తోలుకంటే గట్టిగా ఉంటుంది. కొన్న ప్రతిసారీ రసీదు రాయించుకుని దాచుకోండి.

ఆవు, ఎద్దు తోళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవులు, దూడల వధను నిషేధించింది. ఎద్దుల విషయంలో అధికారి ధ్రువపత్రం ఉండాలి. తోలు ఎక్కడి నుంచి వచ్చిందో చూపలేకపోతే ఇబ్బంది మీకే.

చనిపోయిన పశువు తోలు: పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. ఆ క్రిమి బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, మనుషులకూ సోకుతాయి. పశువైద్యశాలకు లేదా 1962 నంబరుకు సమాచారం ఇవ్వండి.

మరో మాట. చనిపోయిన పశువును ఎత్తమని, మోయమని ఎస్సీ, ఎస్టీలకు పని అప్పగించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. 'వాళ్లకు అలవాటే కదా' అన్న మాట కోర్టులో చెల్లదు.

అడవి జంతువుల జోలికి వెళ్లొద్దు

మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంతా నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంది. జింక, కణితి, చిరుత, ఉడుము దేని తోలైనా సరే కొనడం, దాచడం, పదును చేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నేరం. 'దొరికింది', 'చచ్చిపడి ఉంది' అన్నా మినహాయింపు లేదు. చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్న జంతువులైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. ఒకప్పుడు కంజీర వాద్యానికి ఉడుము తోలే వాడేవారు. ఇప్పుడు మేక తోలు వాడకానికి కారణం ఈ చట్టమే.

తంగేడు చెక్క కూడా సొంత పట్టా భూమిలోనిదైతే ఇబ్బంది లేదు. రిజర్వు అడవిలోంచి బెరడు ఒలిచి తేవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

అసలు చిక్కు నీళ్ల దగ్గరే

కిలో తోలు పదును చేయడానికి మామూలుగా 30 నుంచి 40 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. కిలో చొప్పున తూగే 10 తోళ్లంటే 300 నుంచి 400 లీటర్లు. వెలిగొండ నీళ్ల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న ప్రాంతంలో, ఫ్లోరైడ్ బోర్లు ఉన్న ఊళ్లలో ఇది చిన్న లెక్క కాదు. వాడాక మిగిలేది ఉప్పు, సున్నం, కొవ్వు కలిసిన నీళ్లు. ఉప్పు నేలలోకి దిగితే తిరిగి తీయడం సాధ్యం కాదు. పక్కింటివారి బోరు పాడైతే సర్ది చెప్పడానికి కూడా ఏమీ మిగలదు.

తమిళనాడులో వేలూరు, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల టానరీల వల్ల పాలారు నది, బావులు పాడయ్యాయి. ఆ కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని అందులో చెప్పింది.

అందుకే టానరీలను కాలుష్య నియంత్రణ మండలి 'రెడ్' కేటగిరీలో పెట్టింది. అమ్మకానికి తోళ్లు పదును చేయాలంటే ముందుగా ఈ రెండు అనుమతులు కావాలి.

- స్థాపనకు అనుమతి: షెడ్డు కట్టకముందే తీసుకోవాలి.
- నడపడానికి అనుమతి: వ్యర్థ జలాల శుద్ధి ఏర్పాటు పూర్తయ్యాక తీసుకోవాలి.

ఇవి కాకుండా మార్కాపురం మున్సిపాలిటీ, గిద్దలూరు నగర పంచాయతీ లేదా మీ గ్రామ పంచాయతీ నుంచి ట్రేడ్ లైసెన్సు ఉండాలి. ఇళ్ల మధ్య దీనికి అనుమతి వస్తుందని ఆశపెట్టుకోవద్దు.

మరి చిన్నగా మొదలుపెట్టే దారి?

ఉంది. పదును చేసిన తోలు బయట కొని, ఇంట్లో వస్తువులు కుట్టడం. ఇందులో కలుషిత నీళ్లు ఉండవు కాబట్టి కాలుష్య నిబంధనలు చాలా తేలిక. నేర్చుకోవడానికి ఒకటి రెండు తోళ్లు చెక్క నీళ్లలో పదును చేసి చూడటం వేరు, నెలకు వంద తోళ్లు చేసి అమ్మడం వేరు. ఆ ఒకటి రెండు తోళ్ల నీళ్లనైనా కాలువలో, చెరువులో కలపకండి.

ఇంకో దారి ధర్మవరం మండలం నిమ్మలకుంట చూపించింది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు మేక తోలును ఇళ్ల దగ్గరే శుభ్రం చేసి, పలచగా, వెలుగు దూరేలా తయారు చేస్తారు. ఆటలకు ఆదరణ తగ్గాక అదే తోలుతో దీపపు తొడుగులు, గోడ బొమ్మలు చేసి అమ్ముతున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. వారిది పదును చేసిన తోలు కాదు, క్రోమియం అవసరమే లేదు. విలువంతా చేతిపనిలో ఉంది.

శిక్షణ, రుణం ఎక్కడ?

- శిక్షణ: చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ (సీఎల్ఆర్ఐ) 1948 నుంచి పనిచేస్తోంది. వస్తువుల తయారీకి హైదరాబాద్‌లో ఎఫ్‌డీడీఐ ఉంది. రాష్ట్రంలో తోలు వృత్తిదారుల కోసం 1973లో ఏర్పడిన సంస్థ లిడ్‌క్యాప్.

- ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. డబ్బులు అడిగే వెబ్‌సైట్లను నమ్మొద్దు.

- పీఎం విశ్వకర్మ: 2023 సెప్టెంబరు 17న మొదలైంది. చెప్పులు కుట్టే చర్మకారులు ఇందులోని 18 వృత్తుల్లో ఉన్నారు. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట రూ.లక్ష, ఆపై రూ.2 లక్షల రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం.

- పీఎంఈజీపీ: గ్రామాల్లో జనరల్ కేటగిరీకి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ. ఉదాహరణకు పల్లెలో ఒక మహిళ రూ.5 లక్షల యూనిట్ పెడితే సొంతంగా రూ.25 వేలు పెట్టాలి. సబ్సిడీ రూ.1.75 లక్షలు. ఇది చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాత అప్పులో జమవుతుంది. ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తాజా పరిస్థితి కనుక్కోండి.

ఏ వరుసలో వెళ్లాలి?

ముందు కుట్టుపని నేర్చుకోండి. కొన్న తోలుతో నాలుగు వస్తువులు చేసి అమ్మి చూడండి. గిరాకీ ఉందని తేలాక, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి. ఆ కాగితంతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లండి. బ్యాంకుకు వెళ్లాల్సింది ఆ తర్వాతే. చాలామంది రుణం తీసుకుని షెడ్డు కట్టాక అనుమతికి వెళ్తారు. అనుమతి రాకపోయినా వాయిదాలు కట్టక తప్పదు.