పాత ఫ్లాటు కింద మన గజాలు

కరీంనగర్‌లో మంకమ్మతోటలోనో వావిలాలపల్లిలోనో పాత ఫ్లాటు బేరానికి వస్తే నేను ముందు అడిగేది సేల్ డీడ్ చివరి పేజీలు. షెడ్యూలులో మొదట మొత్తం స్థలానికి నాలుగు హద్దులుంటాయి: ఫలానా వారి ఇల్లు, ఫలానా రోడ్డు. ఆ కింద ఫ్లాటుకు విడిగా రాస్తారు: ఉత్తరాన కారిడార్, తూర్పున ఓపెన్ టు స్కై. తాతల నాటి పెంకుటింటి దస్తావేజులో ఆకాశం హద్దుగా ఎక్కడా కనిపించదు.

ఒకరి కప్పు మీద ఇంకొకరి కాపురం ఈ ప్రాంతానికి కంపెనీ క్వార్టర్లతో అలవాటైంది. గోదావరిఖని, బెల్లంపల్లి సింగరేణి కాలనీలు, 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం టౌన్‌షిప్ అందుకు దారి వేశాయి. కానీ క్వార్టర్ నౌకరీతో వచ్చి నౌకరీతోనే పోయేది. రిటైరైన మనిషి సామాను సర్దుకోవాల్సిందే.

అంతస్తును సొంతం చేసుకునే పద్ధతి బొంబాయిలో ముందు స్థిరపడింది. అక్కడ సహకార సొసైటీల అనుభవం మీద మహారాష్ట్ర 1970లో అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం తెచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రానికి అలాంటి చట్టం 1987లో వచ్చింది. నేటి తెలంగాణలోనూ పాత ఫ్లాట్ల హక్కులకు మూలం అదే. ఫ్లాటు మీద యజమానికి పూర్తి హక్కు. కింది స్థలం, మెట్లు, టెర్రస్, సెల్లార్ లాంటివాటిలో విడదీయరాని వాటా. వీటిని చూసుకోవడానికి యజమానుల అసోసియేషన్.

ఈ విడదీయరాని వాటాయే పాత ఫ్లాటుకు ప్రాణం. ఐదు వందల గజాల్లో పదిహేను ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి సగటున ముప్పై మూడు గజాలు. గోడలు ఏటేటా పాతబడతాయి, ఆ గజాలు మాత్రం తరగవు. అయినా చాలామంది చదరపు అడుగులు, వాస్తు, కార్ పార్కింగ్ అడిగి బయానా ఇచ్చేస్తారు. డీడ్‌లో ఎన్ని గజాలు రాశారో చూడరు. అది చూసి నాకు బాధేస్తుంది.

జపాన్‌లో పాత ఫ్లాటు కొనేవాళ్లు మొదట అడిగేది భవన అనుమతి తేదీ. అక్కడ యాజమాన్య చట్టం 1962లో వచ్చింది. 1978 మియాగి భూకంపం తర్వాత 1981 జూన్ నుంచి కట్టడ నిబంధనలు కఠినం చేశారు. 1995లో కోబే కంపించినప్పుడు ఆ కొత్త నిబంధనలతో కట్టినవే ఎక్కువగా తట్టుకున్నాయి. అక్కడి యజమానులు నెలనెలా నిర్వహణ ఖర్చుతో పాటు భారీ మరమ్మతుల నిధికి విడిగా కడతారు.

మనది భూకంప ముప్పు తక్కువున్న ప్రాంతమే. అయినా 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో నేల కదిలితే కరీంనగర్ దాకా తెలిసింది. పాత బిల్డింగ్ సెల్లార్‌లోకి దిగి పిల్లర్లు చూడండి. అడుగున ప్లాస్టర్ ఉబ్బి, వేలితో తడితే పెచ్చు ఊడి, లోపల తుప్పెక్కిన చువ్వ కనబడితే కొత్త రంగును నమ్మొద్దు. పై అంతస్తు స్లాబులో చెమ్మ మరకలుంటే నీళ్లు దిగుతున్నట్టే. ఆ మరమ్మతు ఒక్కరి చేతిలో ఉండదు. మన దగ్గర మెయింటెనెన్స్ సొమ్ము వాచ్‌మన్ జీతానికి, లిఫ్టుకు, మోటారు కరెంటుకు సరిపోతే గొప్ప. అసోసియేషన్ ఖాతా పుస్తకం అడిగి చూడటం అందుకే.

భవనం పూర్తిగా పాతబడితే అసలు కథ మొదలవుతుంది. జపాన్ 1983లో చట్టం సవరించి, ఐదింట నాలుగు వంతుల ఓట్లు ఉంటే పడగొట్టి కొత్తది కట్టుకునే వీలు కల్పించింది. ఇక్కడ వాటాదారులంతా సంతకం పెడితే తప్ప బిల్డర్ సాధారణంగా ముందుకు రాడు. ఒకాయన దుబాయ్‌లో, ఇంకొకాయన అమెరికాలో, మూడో ఫ్లాటు చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉండి వారసుల మధ్య పంపకం తేలకుండా ఉంటే ఆ సంతకాలు ఏళ్లు పడతాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు మన ఫ్లాటు సంగతే చెబుతాయి. పక్క ఫ్లాట్ల యజమానులెవరో, ఎక్కడున్నారో బయానా ఇవ్వకముందే కనుక్కోండి.