దిద్దుబాటు లేని వ్రాయసకాడు

కదిరి దగ్గరి కటారుపల్లెలో వేమన సమాధి యున్నదని ప్రసిద్ధి. ఆ వేమన పద్యముల ప్రతులను గత శతాబ్దులలో వ్రాయసకాండ్రు చేతితో నెత్తి వ్రాసిరి. వ్రాసిన ప్రతినెల్లా తప్పులు దొరలెను. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర పండితులను కూర్చి ఆ ప్రతులను ఒకదానితో నొకటి సరిచూపించెను. వ్రాయుట యొక పని, సరిచూచుట మరియొక పని. ఈ రెండవ పని లేనిచోట పాఠభేదములు పెరుగును. జీవకణములలోను ఇదే న్యాయము వర్తించుటను శ్రోతలకు విన్నవింప దలచితిమి.

కణము రెండగునపుడు, వంశలక్షణములు లిఖితమైన డి.ఎన్.ఏ.కు ప్రతి వ్రాయబడవలెను. ఈ పని చేయు ఎంజైమును 1956లో అమెరికాలో ఆర్థర్ కోర్న్‌బర్గ్ కనుగొని, 1959లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. 1985లో యేల్ విశ్వవిద్యాలయమున థామస్ స్టైట్జ్ బృందము ఎక్స్ కిరణముల సాయమున దాని రూపమును తెలిసికొనెను. అది కుడిచేతిని పోలియున్నది: అరచేయి, వ్రేళ్లు, బొటనవ్రేలు. తప్పు అక్షరము చేరినచో పోగుకొన సరిగా కుదురదు. కుదురక, అదే ఎంజైములో కొంత యెడముగా నున్న మరియొక గుంటలోనికి జారును. అచట ఆ అక్షరము కత్తిరింపబడును. వ్రాయువాడే దిద్దువాడు. అందుచే ఇట్టి ఎంజైములు సుమారు 10 లక్షలు మొదలు కోటి అక్షరముల వరకు వ్రాసినగాని ఒక తప్పు నిలువదు.

ఇక 1970లో టెమిన్, బాల్టిమోర్ అను శాస్త్రజ్ఞులు వేరువేరుగా మరియొక వ్రాయసకానిని కనుగొనిరి. ఇది ఆర్.ఎన్.ఏ.ను చూచి డి.ఎన్.ఏ.ను వ్రాయును. ఎయిడ్స్ కలిగించు హెచ్.ఐ.వి.కి ఇట్టి ఎంజైమే ఆధారము. 1992లో స్టైట్జ్ బృందమే దాని రూపమును చూచెను. చేయి యున్నది, దిద్దు గుంట లేదు! కొన్ని పదివేల అక్షరములకే ఒక తప్పు దొరలును. చికిత్స లేని రోగి దేహమున దినమునకు కోట్లకొలది వైరసులు పుట్టును గనుక, వానిలో ఏదో యొకటి మందుకు లొంగని పాఠమై తేలును. 1987లో వచ్చిన తొలి మందు ఒంటరిగా నిలువలేకపోయినది ఇందువలననే. 1996 ప్రాంతమున మూడు మందులను కలిపి ఇచ్చుట మొదలయ్యెను. ఒకే ప్రతిలో మూటికిని లొంగని తప్పులన్నియు ఒక్కసారి కూడుట మిక్కిలి అరుదు. పైగా, మందులు వ్రాతనే దాదాపుగా ఆపివేయును. వ్రాత లేనిచో తప్పును లేదు.

మన దేశమున ప్రభుత్వము ఈ మందులను 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితముగా నిచ్చుచున్నది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ బత్తలపల్లి ఆసుపత్రిలో ఎందరో హెచ్.ఐ.వి. రోగులకు చికిత్స జరిగినది. కాని వాన తప్పి వేరుసెనగ ఎండిన యేట మెట్టపల్లెలు బెంగుళూరుకు వలసపోవును. త్రోవలో మందు తప్పును. మందు తప్పిన నాళ్లలో ఆ వ్రాయసకాడు మరల కలము పట్టును. మందు సగము సగముగా నున్న దేహములో లొంగని పాఠమే బలియును.

కావున మేము మనవి చేయునది ఇంతే. వలసపోవు రోగి మందుల చీటిని మూటలో నుంచుకొనవలెను. చేరిన ఊరి చికిత్సాకేంద్రమునకు బదిలీ చేయించుకొను వీలు కలదు. దిద్దుబాటు లేని వ్రాయసకానిని కట్టివేయునది తప్పని దినచర్యయే.